బావి పట్టని మన్ను

నేను బడిపంతులుగా మొదట పోయిన ఊరు మర్రిగూడకు నాలుగు కోసుల దూరంలో ఉండేది. మాది పాలమూరు వైపు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. అది ఉర్దూ బడి. పిల్లలు ఇంట్లో తెలుగులో ఏడ్చి, బడిలో ఉర్దూలో ఎక్కాలు చదివేవాళ్లు. నేనూ అట్లా చదువుకున్నవాణ్ణే. బావిలాంటి గుండ్రటి ఆకారాన్ని లెక్కల్లో స్థూపం అంటే నాకు క్షణం ఆలస్యంగా తోచేది, ఉర్దూలో ఉస్తువానా అంటే వెంటనే కళ్ల ముందు నిలబడేది.

నేను కిరాయికున్న కొట్టం పక్కనే ఒక బావుల మేస్త్రీ ఇల్లు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. చుట్టుపక్కల ఊళ్లలోని గుండ్రటి బావులకు లోపల రాతికట్టు కట్టింది చాలావరకు ఆయనే. అక్షరం ముక్క రాదు. అరుగు మీద కూర్చొని నేను పిల్లలకు చెప్పే పాఠాలు వినేవాడు. ఒకనాడు బడి వదిలాక నన్ను పిలిచాడు.

"పంతులూ, బావి కడుపెంతనో తీసే లెక్క చెప్తున్నవు గదా. మస్తు పొడుగున్నది గది. మాది గంత లేదు."

"మీరెట్ల తీస్తరు, మేస్త్రీ?"

"రాతికట్టు ఎన్ని గజాలు కట్టిన్నో నాకు ఎరుకుంటది. బావి అడ్డమెంతనో ఎరుకుంటది. అడ్డంల నాలుగో పాలు తీసి కట్టు గజాలతోని హెచ్చేస్త. గంతే. లోపల ఎంత మన్ను పడ్తదో అచ్చం గంతే వస్తది."

నేను పలక తీసి చూశాను. నా పొడుగు లెక్కకూ ఆయన పొట్టి లెక్కకూ వెంట్రుకవాసి తేడా లేదు. పక్కగోడ వైశాల్యం తెలిస్తే చాలు, లోపలి ఘనపరిమాణం చేతికి వస్తున్నది. ఎందుకు అట్లా అని అడిగితే, "ఎందుకో నాకేం ఎరుక, మా నాయిన చెప్పిండు" అన్నాడు.

రెండు రోజులు నాకు అదే ధ్యాస. సెలవునాడు ఆయన ఇంటి ముందు పాత గడ్డి మోకు ఒకటి కనబడింది. దాన్ని నేల మీద చక్రంలా గట్టిగా చుట్టాను. బయటి అంచు నుంచి నడిమి దాకా కొడవలితో ఒక్క కోత కోశాను. ఒక్కొక్క చుట్టునూ సాపు చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాను. అడుగున అన్నిటికంటే పొడుగు ముక్క, పైకి పోయినకొద్దీ పొట్టివి, చివర బెత్తెడు. మోకు చక్రం త్రికోణమై నా ముందు పడుకున్నది.

"చూడు మేస్త్రీ. అడుగు ముక్క పొడవు బావి చుట్టుకొలత. ఎత్తు, అడ్డంల సగం. త్రికోణం గాబట్టి అండ్ల మల్ల సగం. సగంల సగమంటె నాలుగో పాలు. బావంటె ఇసోంటి చక్రాలు ఒకదాని మీద ఒకటి వెట్టినట్టే గదా. మీ నాయిన మాట గందుకె నిజమైంది."

ఆయన చాలాసేపు ఆ గడ్డి త్రికోణం చుట్టూ తిరిగాడు. వంగి వేలితో తాకి చూశాడు. "మా నాయిన సచ్చి నలబై ఏండ్లు. ఇయ్యాల ఉంటె మురిసిపోయేటోడు" అన్నాడు. ఆయన భార్య, నేను అవ్వా అని పిలిచే ఆమె, గడపలో నిలబడి, పనికొచ్చే మోకు పాడుచేశామని మా ఇద్దరినీ తిట్టింది. ఆనాటి నుంచి నాకు ఆ ఇంట్లో సగం తిండి.

తరువాతి సంగతులు ఆ జిల్లాలో అందరికీ తెలిసినవే. రజాకార్ల భయానికి బడి మూతపడింది. నేను మాత్రం ఊరు వదల్లేదు, పోదామన్నా దారులు లేవు. కోటగోడల గడిలో ఉండే దొర కుటుంబం ఒకనాడు బండ్లు కట్టుకొని పట్నం పోయింది. మేస్త్రీ చిన్నకొడుకు, తండ్రి వెంట పని నేర్చుకున్న ఇరవై ఏళ్లవాడు, దళంలో కలిసిపోయాడు. పోయేముందు నా దగ్గరికి వచ్చి, "సారూ, మా అవ్వ ఏడుస్తది, జర చూసుకోండ్రి" అన్నాడు. అంతే. తరువాత యూనియన్ మిలిటరీ వచ్చింది. రజాకార్లు పోయారు కానీ మిలిటరీ పోలేదు. దళాలను పట్టుకోవడానికి, ఖాళీగా ఉన్న ఆ గడిలోనే క్యాంపు పెట్టింది. కొడుకు సంగతి ఏమీ తెలియలేదు. దేవరకొండ అడవుల్లో ఉన్నాడని ఒకరు, పట్టుబడ్డాడని ఒకరు అనేవాళ్లు. అవ్వ ఇద్దరి మాటా నమ్మేది.

ఆ ఎండాకాలంలో పక్క ఊరి పాడుబావిలో దాక్కున్నవాళ్లు కొందరు దొరికారట. వాడకంలో లేని బావులన్నీ పూడ్చాలని క్యాంపు నుంచి హుకుం వచ్చింది. మా ఊళ్లో అట్లాంటిది ఒక్కటే, గడి వెనక బావి. దొర కుటుంబం పోయినప్పటి నుంచి దాన్ని ఎవరూ తోడలేదు. దాని రాతికట్టు మేస్త్రీదే, సొంతంగా కట్టిన మొదటి బావి. ఎంత మన్ను కావాలో చెప్పమని క్యాంపు ఆఫీసరు ఆయన్ను పిలిపించాడు. ఆ ఆఫీసరు ఉత్తరాది మనిషి, కోపిష్టి కాడు. మాటలు అటూ ఇటూ చెప్పడానికి నన్నూ రమ్మన్నారు.

మేస్త్రీ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "కట్టు నూట ముప్పై రెండు గజాలు. అడ్డం మూడున్నర. లోతు పన్నెండు."

పలక మీద వేశాను. నూట పదిహేనున్నర ఘనగజాలు. బండికి అర గజం మన్ను అనుకుంటే రెండు వందల ముప్పై ఒక్క బండ్లు. ఊరి బండ్లన్నీ వారం పాటు తోలాయి. గుట్ట దిగువ నుంచి ఎర్రమన్ను తెచ్చి బావి పక్కన రాశి పోశారు.

పూడ్చే రోజు పొద్దున మేమంతా బావి ఒడ్డున నిలబడ్డాం. కట్టు రాళ్ల సందుల్లోంచి రావి మొక్కలు మొలిచి, నాలుగు గజాల కింద ఏమీ కనబడడం లేదు. ఒక సిపాయి పెద్ద రాయి ఎత్తి లోపల వేశాడు.

నీళ్లలో పడ్డ రాయి చప్పుడు నాకు తెలుసు. బండ మీద పడ్డ రాయి చప్పుడు తెలుసు. ఇది రెండూ కాదు. ధబ్‌మని వినిపించింది. ఎవరో బయటి నుంచి తలుపు గుద్దినట్టు. గుద్దిన తరువాత ఆ మోత లోపల్లోపల కొంచెంసేపు తిరిగింది.

నేను మేస్త్రీ వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"పానీ సూఖ్ గయా" అన్నాడు ఆఫీసరు. నీళ్లు ఎండిపోయాయి అని. నేను ఆ మాటే తెలుగులో చెప్పాను. అది నా నోట ఎట్లా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

మేస్త్రీ బావి అంచుకు పోయి, కూలీల వైపు కాకుండా బావి లోపలికి ముఖం పెట్టి కేక పెట్టాడు. "మన్ను పోస్తున్నం! లోపట ఎవలన్న ఉంటె... దగ్గర ఎవలన్న ఉంటె జరగుండ్రి! మన్ను పోస్తున్నం!" మూడుసార్లు అరిచాడు. ముసలివాడికి జాగ్రత్త ఎక్కువని సిపాయిలు నవ్వారు. లోపలి నుంచి జవాబు ఏమీ రాలేదు. ఆయన కేకే తిరిగి వచ్చింది, సన్నగా, వేరే మనిషి గొంతులా.

తట్టలతో మన్ను పోయడం మొదలైంది. నేను బండ్ల లెక్క రాస్తూ కూర్చున్నాను. మేస్త్రీ కూడా తట్ట ఎత్తాడు. పొయ్యకుండా నిలబడితే అనుమానం వస్తుందని ఎత్తాడేమో అనుకున్నాను. మరునాడు మధ్యాహ్నానికి నూట యాభై నాలుగో బండి మన్నుతో బావి అంచు దాకా నిండిపోయింది. సిపాయిలు ఎక్కి తొక్కారు. దిగలేదు. పక్కన డెబ్బై ఏడు బండ్ల మన్ను అట్లానే మిగిలింది.

ఆఫీసరు నవ్వి, నీ లెక్క తప్పిందే అన్నాడు నాతో. నేను నోరు తెరవబోయాను. లెక్క తప్పదని, కావాలంటే మళ్లీ చేసి చూపిస్తానని అనబోయాను. మేస్త్రీ నా మోచెయ్యి పట్టుకున్నాడు, గోళ్లు దిగేంత గట్టిగా.

"లెక్క తప్పింది దొరా" అన్నాడు చేతులు జోడించి. "ముసలోన్ని. యాదిల తేడా వచ్చింది."

ఇద్దరం ఇంటికి వచ్చాం. ఆయన అరుగు మీద కూర్చొని, కాళ్లకంటిన ఎర్రమన్ను దులుపుకోకుండా, "లెక్క తప్పలేదు పంతులూ" అన్నాడు.

"నాకు తెలుసు."

"పోసిన మన్ను గుల్లగ ఉంటది. ఇరవై బండ్లు తక్కువ పట్టొచ్చు. డెబ్బై ఏడు ఎందుకు మిగుల్తది?"

నేను చేతిలోని పలక అరుగు మీద పెట్టాను.

"కట్టు కట్టేటప్పుడు కట్టెపలకలేసుకొని నిలబడనీకి రాళ్ల నడుమ గూళ్లు ఇడుస్తం. పనైనంక పలుచటి రాయి వెట్టి మూస్తం. పైకి కానరావు. గా బావిల గూళ్లు యాడున్నయో నాకు ఎరుక. నా చిన్నకొడుక్కు చెప్పిన. ఇంకెవ్వలకు ఎరుకలేదు. గా గూళ్లల్ల దూలాలు దూర్చి ఎవలో మీద తలుపులో కట్టెలో పరిసిన్రు. నేను చప్పుడు ఇన్న. నువ్వు గూడ ఇన్నవు."

"అప్పుడే చెప్తే..."

"చెప్తే దిగి చూస్తరు. లోపటుంటె కాలుస్తరు. చెప్పకుంటె మన్ను పోస్తరు. రెండిట్ల ఏది మంచిదో నాకు గా నిమిషంల తోచలే, పంతులూ. నీకు తోచిందా?"

నాకూ తోచలేదు.

ఆయన పలక నా వైపు జరిపి, "మన్ను కింద ఎంత జాగ ఉండొచ్చు? లెక్క తియ్యి" అన్నాడు.

నేను తీశాను. నేను ఆ రోజుకు ముందూ తరువాతా వేల లెక్కలు చేశాను. తుడిచి మళ్లీ వేసి చూసుకున్నది ఆ ఒక్కదాన్నే. గుల్లదనం పోనూ యాభై ఏడు బండ్లు. ఇరవై ఎనిమిదిన్నర ఘనగజాలు. మూడు గజాల ఎత్తు ఖాళీ. మనిషి నిలబడి చెయ్యి పైకి చాపినా ఇంకా మిగిలే ఎత్తు.

"గంత గాలి ఒక మనిషికి ఎన్ని దినాలొస్తది?"

ఆ లెక్క నాకు ఎవరూ నేర్పలేదు. "వారమొస్తది" అన్నాను. అది అబద్ధమో నిజమో నాకిప్పటికీ తెలియదు.

ఆ వారమంతా మేస్త్రీ రోజూ మధ్యాహ్నం గడి వెనక్కు పోయేవాడు. పనిముట్టు పోయిందని కావలి సిపాయికి చెప్పేవాడు. వెతుకుతున్నట్టు వంగి, పూడిన బావి మీద చెవి ఆనించేవాడు. తట్టిన చప్పుడు వినిపిస్తే చాలు, ఆఫీసరు కాళ్ల మీద పడి అంతా చెప్పేద్దామని అనుకున్నాడు. ఏమీ వినిపించలేదు. ఎనిమిదోనాడు పోలేదు.

అవ్వకు మేం చెప్పలేదు. అయినా ఆమెకు ఎట్లాగో తెలిసింది. ఒక పొద్దున జొన్నరొట్టె ఆకులో మూటగట్టుకొని పోయి మన్ను రాశి పక్కన పెట్టి వచ్చింది. తరువాత రోజూ అదే పని. మరునాడు పొద్దున రొట్టె ఉండేది కాదు. కుక్కలు తింటాయని నాకు తెలుసు. అయినా ఆ ఖాళీ ఆకు కనబడినప్పుడల్లా దూరంగా జరిగి పోయేవాణ్ణి.

బడి మళ్లీ తెరిచారు. గడి వెనక పిల్లలకు ఆడుకోవడానికి సాపైన జాగా దొరికింది. ఎగిరి దూకితే ఆ నేల మోగుతుందని వాళ్లు కనిపెట్టారు. మిట్టమధ్యాహ్నం ఎండలో పదిమంది కలిసి దూకేవాళ్లు. ధమ్‌ధమ్‌మని కింద ఎక్కడో మోగేది. మేకలు ఆ గుండ్రటి జాగా తొక్కకుండా చుట్టు తిరిగి పోయేవి. నేను పిల్లలను అదిలించేవాణ్ణి. ఎందుకని వాళ్లు అడిగితే పాములున్నాయనేవాణ్ణి. కళ్లకు కనబడని ఒక చీకటి ఎంత వెడల్పో, ఎంత ఎత్తో, అందులో ఎన్ని ఘనగజాల గాలి ఉందో ఊరు మొత్తంలో మేస్త్రీకీ నాకూ మాత్రమే అంకెలతో సహా తెలుసు. పడుకున్నా, తిన్నా ఆ అంకెలు నాతోనే ఉండేవి. తరగతిలో ఉస్తువానా పాఠం వచ్చినప్పుడు రెండేళ్లూ దాటేశాను. ఒక పిల్లవాడు, "సారూ, ఒక పాఠం ఇడిసిపెట్టిన్రు" అని అందరి ముందూ అన్నాడు. వాణ్ణి కొట్టాను. నేను కొట్టే పంతుల్ని కాను.

మూడో ఎండాకాలానికి క్యాంపు ఎత్తేశారు. ఆ ఏడు వానలు తప్పి ఊళ్లో నీళ్లకు కటకటగా ఉంది. గడి వెనక బావి మళ్లీ తీస్తానని మేస్త్రీయే ముందుకొచ్చాడు. ఇరవై మంది పన్నెండు రోజులు తవ్వారు. తొమ్మిదో గజం కాడ గడ్డపార కర్రకు తగిలింది. అందరినీ పైకి పంపి, మేమిద్దరమే మోకు పట్టుకొని దిగాం.

టేకు తలుపులు రెండు. గడి వెనక వాకిలికి ఉండేవి, దొర కుటుంబం పోయాక ఎవరో ఊడబెరుక్కుపోయారని ఊళ్లో అనుకునేవాళ్లు. మేస్త్రీ సందులో గడ్డపార దూర్చి ఒక రెక్కను జరిపాడు. కింది నుంచి చల్లటి గాలి నా మొహానికి కొట్టింది. రెండేళ్ల నాటి గాలి. మూసిన కుండ తెరిచిన వాసన. దీపం కట్టి దించితే రెండు గజాలు పోకముందే ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించాం. మళ్లీ ఆరింది. మేస్త్రీ దాన్నే చూస్తూ, "వారమన్నవు" అన్నాడు మెల్లగా. నిందించినట్టు అనలేదు. ఊరికే అన్నాడు.

వేపమండలు దించి ఒక రోజంతా గాలి ఆడించాక, మరునాడు దీపం నిలిచింది. దిగాం. అడుగున మోకాలి లోతు నీళ్లు, తేటగా. కట్టు రాయి ఒకటి తీసి చేసిన గూట్లో ఒక ఇత్తడి చెంబు, మడిచిన గొంగడి, ఆరిన మట్టి ప్రమిద. ఎముకలు లేవు. నీళ్లలో చేతులు పెట్టి అంగుళం అంగుళం దేవాం. ఏమీ లేదు. మనిషన్నవాడు అక్కడ చావలేదు. మేస్త్రీ ఆ నీళ్లలోనే కూలబడి, ముఖం కడుక్కుంటున్నట్టు చాలాసేపు ముఖం మీద నీళ్లు చల్లుకున్నాడు.

నేను దీపం పైకెత్తాను. తలుపుల కింది వైపు చేతి గుర్తులు. ప్రమిద మసి అంటిన అరచేతులు, వేళ్లు చాపి పైకి నెట్టినట్టు, చాలా ఉన్నాయి. మేస్త్రీ కూడా చూశాడు. "తలుపులు పరిసేటప్పుడు కిందికెల్లి ఎత్తి పట్టుకున్న చేతులు. గంతే" అన్నాడు. అదే అయి ఉండాలి. చావలేదు కదా మరి. అయినా ఆ దీపం వెలుగులో అవి ఎత్తి పట్టుకున్న చేతుల్లా కనబడలేదు నాకు.

ఆ తలుపులను మేస్త్రీ ఇంటికి తెచ్చి గోడకు ఆనించాడు. ఆ చలికాలంలోనే చిన్నకొడుకు జైలు నుంచి విడుదలై వచ్చాడు. అవ్వ ఏడవలేదు, తిట్టలేదు. చెయ్యి పట్టుకొని తలుపు దగ్గరికి తీసుకుపోయి, "నీ చెయ్యి వెట్టు" అంది. ఒక గుర్తు మీద పెట్టాడు. అతికినట్టు సరిపోయింది.

"మేం ముగ్గురమే పరిసినం" అన్నాడు. "పగటీలి అండ్ల పండుకునేటోళ్లం, గప్పుడు అడుగున నీళ్లు లేకుండె. మిలిటరొళ్లు గడిల దిగేనాటికె ఇడిసిపెట్టి పోయినం. నేను దొరికిన. మిగిలినోళ్లిద్దరు గూడ పానంతోనే ఉన్నరు, జైల్ల కలిసిన్రు."

"మరి ఇది ఎవలదిరా?" అవ్వ తలుపు కింది మూల చూపించింది. అక్కడ ఒక జత చేతులు చిన్నవి. ఆడమనిషివో, ఎదగని పిల్లవో. నా అరచేతిలో సగం ఉన్నాయి.

కొడుకు వంగి చూశాడు. "మాతోని ఆడోళ్లు ఎవ్వరు లేకుండె" అన్నాడు. మళ్లీ చూశాడు. "ఎవలయో నాకు తెల్వదు."

అవ్వ తలుపును గోడ వైపు తిప్పి పెట్టింది. రొట్టె తీసుకుపోవడం మాత్రం మానలేదు.

ఆ సాయంత్రం నేను మేస్త్రీతో, పోనీలే, పూడ్చిననాడు లోపల ఎవరూ లేరు, పీడ పోయింది అన్నాను. ఆయన చుట్ట ముట్టించబోతున్నవాడు ఆగాడు.

"లేరు పంతులూ. నిజమే. గని గా దినం మనకు గది తెల్వదు గదా. ఉన్నరనుకునే పోసినం."

కొడుకు ఇంట్లోంచి ఏదో అడిగితే ఆయన లేచి లోపలికి పోయాడు. తరువాత పదేళ్లు బతికాడు, ఇళ్ల గోడలు కట్టాడు, అరుగులు కట్టాడు. బావి పనికి పిలిస్తే మోకాళ్లు నొస్తున్నాయనేవాడు.

గడి వెనక బావిలో మంచినీళ్లు పడ్డాయి. ఊరంతా ఎగబడి తోడుకున్నారు. చుట్టుపక్కల అట్లాంటి తియ్యటి నీళ్లు లేవు. నేను చౌటుప్పల్‌కు బదిలీ అయ్యేదాకా ఆరేళ్లు ఊరవతల పాత బావి నీళ్లే తెప్పించుకున్నాను. ఆ పాత బావి నీళ్లు తాగితే పండ్లు పచ్చబడతాయనీ, ముసలితనంలో కీళ్లు బిగుస్తాయనీ అప్పుడే కొందరు అనేవాళ్లు. ఇప్పుడు నా కీళ్లు బిగుసుకున్నాయి. డాక్టరు ఏ నీళ్లు తాగేవారు అని అడిగినప్పుడు, ఊళ్లో మంచినీళ్లు లేవని చెప్పాను.